ఎవరి వీపూ ఎక్కను

బట్టల మూటలు లిఫ్టులో మూడో అంతస్తుకు దర్జాగా పోతున్నాయి. కాజాలు కుట్టే బాబాయి మాత్రం ఇస్త్రీ మేస్త్రి వీపు మీద మెట్లెక్కుతున్నాడు. చిన్నప్పుడే కాళ్ళు చచ్చుబడిన మనిషి. రోజుకొకరు వంతులేసుకుని ఆయన్ని పైకి మోయడం ఆ కుట్టు కార్ఖానాలో ఆనవాయితీ.

సగం మెట్ల మీద మేస్త్రి ఆగాడు. "బాబాయ్, ఒక్క క్షణం" అన్నాడు. గుండె పట్టుకుని ముందుకు ఒరిగాడు. ఆ పాడు లిఫ్టు మనుషులకు కాదట, సరుకుకు మాత్రమేనట. చచ్చాక మేస్త్రిని అందులోనే కిందికి దించారు.

ఆనాటి నుంచీ బాబాయికి ముద్ద దిగలేదు. మిషను చప్పుడు మధ్యలో కూడా మేస్త్రి ఆయాసమే చెవిలో వినపడేది. అతని చొక్కా చెమట తడి ఇంకా తన గుండెకు అంటుకునే ఉన్నట్టుండేది. ఓ ఉదయం ప్యాకింగు పొడుగోడు వచ్చి వీపు వంచితే, ఆయన కింది మెట్టు మీద కదలకుండా కూర్చున్నాడు.

"రా బాబాయ్, ఇవాళ నా వంతు."

"ఎక్కనురా. ఇక ఎవరి వీపూ ఎక్కను."

"అదేం మాట? నువ్వు బరువని మేమెప్పుడైనా అన్నామా?"

"అనలేదు. అదే మన కొంప ముంచింది. మీరు మోస్తున్నంత కాలం వాళ్ళు లిఫ్టు ఎందుకు తెరుస్తారు?"

పొడుగోడికి ఉక్రోషం వచ్చింది. "అయితే మా మంచితనమే తప్పా?"

కన్నీళ్ళు ఆరకుండానే గుండీలు కుట్టడానికి వచ్చిన మేస్త్రి భార్య జవాబిచ్చింది. "మీ అన్న పుణ్యానికి మోశాడనుకున్నాను తమ్ముడూ. యజమాని బరువు మోసి చచ్చాడు." ఆమె బాబాయి పక్కన చతికిలబడింది. పొడుగోడు తల దించుకుని పై మెట్టు మీద కూర్చున్నాడు. చూస్తుండగానే మెట్లన్నీ నిండిపోయాయి.

మేనేజరు ఊగిపోతూ వచ్చాడు. "ఆ కుంటోణ్ణి ఎవరైనా ఎత్తుకెళ్ళండి! ఆర్డరు పోతుంది."

"లిఫ్టులో వస్తాడు," అందామె.

"అది మనుషులు ఎక్కేది కాదమ్మా!"

"మరి నా మొగుణ్ణి అందులోనే దించారుగా?"

"అప్పటికే అతను..." మేనేజరు మిగతా మాట మింగేశాడు. కానీ మెట్ల మీద అందరికీ వినపడింది. మనిషి శవమైతే తప్ప ఆ తలుపు తెరుచుకోదన్నమాట.

పోలీసులు దిగారు. "ముందు వీణ్ణి వ్యానులో పడెయ్" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఓ ముసలి కానిస్టేబులు బాబాయిని వీపుకెత్తుకున్నాడు. గేటు దాకా వెళ్ళకుండానే రొప్పసాగాడు.

"దించు నాయనా, దించు! నీ ఉసురు కూడా నాకొద్దు!"

కానిస్టేబులు దించేశాడు. ఇన్‌స్పెక్టరు ఎన్ని బూతులు తిట్టినా మళ్ళీ వంగలేదు.

పొడుగోడు మెట్ల మీంచి అరిచాడు: "మేమూ నడవం సార్! పై అంతస్తు దాకా ఉన్నాం. ఒక్కొక్కర్నీ మోసుకెళ్ళండి!"

మెట్ల మీద చేతులన్నీ ఒకదాన్నొకటి పెనవేసుకున్నాయి. నేల మీద కూర్చున్న బాబాయి రెండు అరచేతులూ ఆనించి, ఒళ్ళు ఈడ్చుకుంటూ, వాళ్ళ వైపు కాక లిఫ్టు వైపు కదిలాడు. మూసి ఉన్న తలుపును పిడికిలితో బాదాడు.

"బతికుండగానే ఎక్కుతాంరా! తెరవండి!"