వీపు మీద పేరు

జీతానికి ఫుట్‌బాల్ ఆడడం మొదలుపెట్టాక నా తొలి మ్యాచ్ అది. మా మహిళల జట్టుకు మగవాళ్ళు వాడి వదిలేసిన జెర్సీలిచ్చారు. నా వీపు మీద ఎవడిదో పేరుంది.

"ఈ ఒక్కపూటకి సర్దుకో తల్లీ," అన్నాడు కిట్లు చూసే బాబాయ్.

సర్దుకున్నాను. రెండో సగంలో గోల్ కొట్టాను. మైకు దగ్గరున్న పెద్దమనిషి నా వీపు చూసి ఆ మగాడి పేరు చదివాడు. నాకు ఒళ్ళు మండింది. వలలోంచి బంతి తీసి చంకలో పెట్టుకుని నేరుగా ఆయన బల్ల ముందుకెళ్ళాను.

"నా పేరు చెప్పండి. అప్పుడిస్తా బంతి."

రిఫరీ పరుగెత్తుకొచ్చి, ఆట ఆపినందుకు పసుపు కార్డు చూపించి, రాసుకోవడానికి పుస్తకం తీశాడు.

"పేరేంటి?"

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. దాని మీదికి వంగి, ఇంటిపేరుతో సహా చెప్పాను.