అడగని మైదానం

ఆస్కెర్‌బీ క్రికెట్ మైదానం ఎలా పుట్టిందో ఊళ్లో రెండు కథలు లేవు. 1921లో, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి మిగిలి వచ్చిన తొమ్మిదిమంది ఫెన్విక్ దొరల గొర్రెల బీడులోకి కొడవళ్లతో దిగి గడ్డి కోశారు. ఎవరినీ అడగలేదు. అడిగే ఓపిక నాలుగేళ్ల కందకాల బురదలో ఇంకిపోయింది. నేల ఎంత వాలంటే, కింది గోడ దగ్గర ఫీల్డింగ్ చేసేవాడికి బౌలర్ టోపీ తప్ప ఏమీ కనిపించదు. ఇప్పటికీ అంతే. ఆట మొదలయ్యే ముందు పెంటికలు ఏరాలి. ఇప్పటికీ అంతే.

ఆ తొమ్మిదిమందిలో ఒకడి మనవడు ఏమోస్ త్వైట్. నలభై ఒక్క ఏళ్లుగా పిచ్ మీద రోలర్ లాగేది అతనే. భార్య హెస్టర్ పోయి మూడేళ్లయింది. ఆ వారం పరామర్శకని కేకులు పట్టుకొచ్చి, తర్వాత గడప తొక్కనివాళ్ల పేర్లన్నీ అతనికి గుర్తే. ఒక్కరినీ క్షమించలేదు.

ఇప్పుడు ఆ దొరల వారసుడు జూలియన్ ఫెన్విక్ ఆ నేలలో నలభై ఇళ్లు కట్టిస్తానన్నాడు. ఊరు అడ్డం తిరిగింది. చట్టం ఒకటుంది. ఎవరి అనుమతీ లేకుండా, దాక్కోకుండా, దౌర్జన్యం చెయ్యకుండా ఇరవై ఏళ్లు ఊరివాళ్లు ఆడుకున్న నేలను ఊరి పచ్చికగా రాయించుకోవచ్చు. ఇక అక్కడ ఇటుక పడదు. అనుమతితో ఆడారని తేలితే మాత్రం అంతా పోయినట్టే.

ఊరి హాల్లో విచారణ పెట్టారు. అధికారి మిసెస్ ఓల్డ్రాయిడ్. ఫెన్విక్ తరఫు లాయరు ప్రీడీ, లండన్ మనిషి. సాక్షి కుర్చీలో ఏమోస్.

ప్రీడీ ఒక చిన్న అట్ట చూపించాడు. క్లబ్బు ఏటా అచ్చు వేయించే ఆటల పట్టిక అది.

"అడుగున ఏముందో చదువుతారా, మిస్టర్ త్వైట్?"

"'మైదానం: ఫెన్విక్ గారి దయతో, అనుమతితో.'"

వెనక వరసలోంచి కసాయి సెథ్ గొంతు వినిపించింది. "చచ్చాం రా!"

"రాసిందెవరు?"

"నా భార్య. ఇరవై ఆరేళ్లు క్లబ్బు కార్యదర్శి. పక్క ఊరి అట్ట మీద చూసింది. మనకీ ఉంటే బావుంటుందంది."

"అంటే అనుమతి ఇచ్చారన్నమాట."

"ఇవ్వలేదు. ఆమె అడగలేదు."

"అయితే మీ భార్య అబద్ధం రాసింది. అంతేనా?"

ఈ ప్రశ్న వస్తుందని ఏమోస్‌కి వారం రోజులుగా తెలుసు. అవునంటే మైదానం దక్కుతుంది, హెస్టర్ అబద్ధాలకోరు అవుతుంది. కాదంటే హెస్టర్ మాట దక్కుతుంది, మైదానం పోతుంది.

"అబద్ధం కాదు. మర్యాద."

"తేడా ఏమిటో?"

"చూపిస్తా" అని లేచాడు. తిన్నగా ప్రీడీ ముందుకు నడిచి, అతని మెరిసే బూటు మీద తన మట్టి బూటు పెట్టి, బరువంతా మోపాడు.

"అయ్యో, సారీ!" అన్నాడు ప్రీడీ.

హాలు గొల్లుమంది.

"సారీ ఎందుకు బాబూ? తొక్కింది నేను."

"అది... ఏదో అలవాటు..."

"మా ఆవిడకీ అదే జబ్బు. తలుపు తగిలితే తలుపుకి సారీ చెప్పేది. పన్ను పీకినవాడికి థాంక్స్ కార్డు పంపింది. మన దేశంలో తొక్కించుకున్నవాడే క్షమాపణ చెప్తాడు. అంతమాత్రాన కాలు తొక్కినవాడిదైపోతుందా?"

"కాలు తీసి వెళ్లి కూర్చోండి, మిస్టర్ త్వైట్" అంది మిసెస్ ఓల్డ్రాయిడ్, నవ్వు ఆపుకుంటూ. ఆ తర్వాత ముందు వరస వైపు తిరిగింది. "ఫెన్విక్ గారూ, మీరు గానీ మీ నాన్నగారు గానీ అనుమతి ఇస్తూ రాసిన ఉత్తరం ఒక్కటైనా ఉందా?"

"ఉత్తరమంటే... ఏటా ఆ అట్ట వచ్చేది. ముచ్చటగా ఉందే అనుకునేవాణ్ణి."

"పోనీ, నోటిమాటగా?"

"వాళ్లు అడిగితే కదండీ ఇవ్వడానికి!"

ప్రీడీ కళ్లు మూసుకున్నాడు.

మరుసటి ఏప్రిల్‌లో కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. నేల ఊరి పచ్చికగా నమోదైంది. ఆ రాత్రి పబ్బులో సెథ్ గ్లాసు నింపించి ఏమోస్ ముందు పెట్టాడు. "హెస్టర్ పేరున తాగరా." ఏమోస్ గ్లాసు వెనక్కి తోశాడు. సెథ్ కూడా ఆ వారం కేకు తెచ్చి, మళ్లీ గడప తొక్కనివాడే.

మొదటి శనివారం ఆట జరుగుతుండగా గేటు దగ్గర ఫెన్విక్ కనిపించాడు. టోపీ చేతిలో ఉంది.

"ఏమోస్, కాసేపు లోపలికొచ్చి ఆట చూడొచ్చా?"

"అడక్కుండా వచ్చుంటే నేను చెయ్యగలిగిందేమీ లేదు. ఊరి నేల, మీరూ ఊరివాళ్లే. కానీ అడిగారుగా."

"అడిగితే?"

"వద్దు."

ఫెన్విక్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఏమోస్ వెనక్కి పిలవలేదు.