ఎదురుగాలి వంతు

"ఆ నిక్కర్లు మెషిన్లో వెయ్యకు. దిండు పాడవుతుంది!"

హాల్లోంచి భర్త ఈ కేక వేసేసరికే ఆమె బాత్రూంలో పీట మీద కూర్చుని వాటిని చేత్తో ఉతుకుతోంది. దూరాలు సైకిలు తొక్కేవాళ్ళ నిక్కర్లకి కూర్చునే చోట మెత్తటి దిండు కుట్టి ఉంటుంది. దాన్ని గట్టిగా పిండకూడదు, ఎండలో ఆరెయ్యకూడదు, సబ్బు కొంచెం కూడా మిగలకూడదు. మిగిలితే ఆయనకి ఒరుసుకుపోతుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన ఒంట్లో ఏ చోటు గురించైనా ఇంత శ్రద్ధగా మాట్లాడినవాళ్ళు ఈ ఇంట్లో ఉన్నారా అని ఆలోచించింది. ఎవరూ గుర్తుకు రాలేదు. అప్పుడు ఆ నిక్కరుని రెండు చేతులా మెలిపెట్టి, చుక్క నీరు లేకుండా పిండింది.

ఆ ఇంట్లో సైకిళ్ళు రెండు. ఆయనది హాల్లో సోఫా పక్కన రబ్బరు చాప మీద ఉంటుంది. వచ్చిన చుట్టాలు దాన్ని చూసి మెచ్చుకుంటే ఆయన మొహం వెలిగిపోతుంది. ఆమెది మెట్ల కింద, వాన జల్లు కొట్టే చోట ఉంటుంది. సీటు చిరిగితే ప్లాస్టిక్ కవరు చుట్టి దారంతో బిగించుకుంది. ఆదివారం పొద్దున్నే ఆయన ఊరు చుట్టి వస్తే దాని పేరు ప్రాక్టీసు. వచ్చీరాగానే నిమ్మరసం ఇవ్వాలి, మాట్లాడించకూడదు. ఆమె రోజూ కళ్ళ ఆసుపత్రికి తొక్కుకుంటూ వెళ్ళి, సాయంత్రం ముందు బుట్ట నిండా కూరగాయలు, వెనక సరుకుల సంచీ వేసుకుని, నీళ్ళ ట్యాంకు దగ్గర ఎత్తుని సైకిలు దిగకుండా ఎక్కి వస్తే దానికి పేరేమీ లేదు. ఆలస్యమైతే మాత్రం దానికో పేరుంది. పెత్తనాలు.

ఆమె చుట్టూ ఉన్నవాళ్ళందరి నోటా ఒకటే మాట, ఎలాగూ. "ఎలాగూ లేచావుగా, కాసిని మంచినీళ్ళు తే" అని ఆయన. "ఎలాగూ అటే వెళ్తున్నావుగా, నా మోకాళ్ళ నూనె పట్రా" అని అత్తగారు. ఆసుపత్రిలో డాక్టరు సంగతి చెప్పనే అక్కర్లేదు. చీకటి గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, కింది వరస కనిపిస్తోందా అని అడిగి చూపు తేల్చడం ఆమె ఉద్యోగం. దానికోసం చదువుకుంది. అయినా ఆ డాక్టరు "ఎలాగూ సైకిలుంది కదమ్మా, మా పిల్లల బట్టలు ఇస్త్రీ షాపు నుంచి తెచ్చిపెడుదూ" అంటాడు, అదేదో సైకిలు మీద దయతో అడుగుతున్నట్టు.

ఏటా చలి తగ్గి ఎండలు ముదరకముందు ఆయన, ముగ్గురు స్నేహితులు సైకిళ్ళ మీద సముద్రం దాకా వెళ్తారు. మందుల షాపాయన, డ్రాయింగు మాస్టారు, పక్కింటి పొడుగబ్బాయి. వెనకాల కారు వెళ్తుంది. అందులో నీళ్ళ సీసాలు, అరటిపళ్ళు, ఉడికించిన గుడ్లు, ట్యూబులు, పంపు, తడి తువ్వాళ్ళు. ఆ కారు నడిపేది ఆమె. మొదటి ఏడు "ఎలాగూ నీకు డ్రైవింగ్ వచ్చుగా" అన్నాడు. తర్వాత అది కూడా అనడం మానేశాడు. లీవు ఆమెది, టూరు ఆయనది. సముద్రం కనపడగానే మగవాళ్ళు సైకిళ్ళు ఇసకలో పడేసి నీళ్ళలోకి పరిగెడతారు. ఆమె ఆ సైకిళ్ళు లేపి నిలబెట్టి, గదులు చూసి, ఆయన బట్టలు నానబెడుతుంటే "ఎలాగూ నానబెడుతున్నారు కదా వదినగారూ" అంటూ ఇంకో మూడు జతలు వచ్చి బకెట్లో పడతాయి. అవి ఆరేసి బయటికి వచ్చేసరికి చీకటి. ఇన్నేళ్ళుగా ఆమెకి సముద్రమంటే ఒక చప్పుడు, అంతే.

పోయిన వారం భోజనాల దగ్గర, "ఈసారి నేనూ తొక్కుతానండీ" అంది.

ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "ఎక్కడికి?"

"సముద్రానికి."

"నువ్వా!" నవ్వు ఆగక పొలమారింది. ఆమే నీళ్ళందించింది. తాగి, మూతి తుడుచుకుని అన్నాడు. "టూరంటే కూరగాయల మార్కెట్ అనుకున్నావా? ఎదురుగాలి కొడితే మాలాంటివాళ్ళకే గుండెలు నోట్లోకొస్తాయి. నీకోసం అడుగడుక్కీ ఆగుతూ కూర్చోమంటావా?"

"రేపు దాని మోకాళ్ళు పట్టేస్తే నన్నెవరు చూస్తారు?" అంది అత్తగారు. పట్టెయ్యబోయే మోకాళ్ళ మీద ఆవిడకి జాలేమీ లేదు. తన సంగతే తన బెంగ.

"ఈ సంసారం ఒక్కణ్ణే లాక్కొస్తున్నాను. ఏడాదికోసారి ఆ నాలుగు రోజులైనా నన్ను వదిలెయ్" అన్నాడాయన.

లాక్కురావడం! ఆ మాటకి ఆమె ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే లాగడమంటే ఏమిటో పోయినేడు కారు అద్దంలోంచి కళ్ళారా చూసింది.

రెండోరోజు దారి. అటూ ఇటూ చెట్టన్నది లేని తిన్నటి రోడ్డు, సముద్రం మీంచి మొహాన కొట్టే గాలి. అలాంటప్పుడు సైకిళ్ళు ఒకదాని వెనకొకటి వెళ్తాయి. ముందున్నవాడు గాలిని కోస్తాడు, వెనకవాళ్ళు అతని చాటున తేలిగ్గా తొక్కుతారు. అలిసిపోయాక ముందువాడు పక్కకి జరిగి వరస చివరికి వస్తాడు, రెండోవాడు ముందుకొస్తాడు. అందరికీ వంతు. పొడుగబ్బాయి ముందు, వెనకే ఆయన, ఆ వెనక మాస్టారు, చివర మందుల షాపాయన. పొడుగబ్బాయి అలిసి భుజాలు వాలుస్తుండగా ఆయన చెయ్యెత్తాడు. నీళ్ళకి. ఆమె కారు పక్కకి తెచ్చింది. ఆయన కిటికీ పట్టుకుని, పెడలు తొక్కకుండా, మెల్లిమెల్లిగా తాగాడు. ఈలోపు ముందుకి మాస్టారు వెళ్ళాల్సి వచ్చింది. సీసా మూత బిగించి ఆమె చేతికిచ్చి ఆయన వెళ్ళి వరస చివర చేరాడు. మొదటిసారి దాహం అనుకుంది. మళ్ళీ వంతు దగ్గరకొచ్చింది, మళ్ళీ చెయ్యి లేచింది. ఆ తర్వాత ఆమె ముందే చెప్పగలిగేది, ఇదిగో ఇప్పుడు లేస్తుంది అని. లేచేది. తలలొంచుకుని తొక్కేవాళ్ళకి వెనక జరిగేది ఏం తెలుస్తుంది? ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన "గాలంతా నేనే కోశానురా" అని బల్ల గుద్ది చెబుతుంటే, అందరికన్నా ముందు తలూపింది ఆమే. అది తలుచుకుంటే ఆమెకి ఆయన మీద కన్నా తన తల మీద కోపం వస్తుంది.

ఆదివారం సాయంత్రం నలుగురూ డైనింగ్ టేబుల్ చుట్టూ చేరారు. మాస్టారు మ్యాపు పరిచి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టాడు. ఆమె టీ పెట్టింది. అత్తగారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"రెండోరోజు నాకొదిలెయ్యండి" అన్నాడాయన. "గాలి సంగతి నేను చూసుకుంటా, పోయినేడు చూశారుగా. ఆఁ, అన్నట్టు ఈసారి అమ్మ కూడా వస్తుంది. ఎలాగూ కారొస్తోందిగా."

ఆ మాట ఆమె అప్పుడే వింది, టీ ట్రేతో నిలబడి.

"వదినగారుంటే మనకేం దిగులు!" అన్నాడు మందుల షాపాయన. "ఆవిడ లేకపోతే అసలీ టూరే లేదు."

ఇలాంటి పొగడ్తలకి ఆమె ఏటా పడిపోయేది. ఈసారి ట్రే మ్యాపు మీదే పెట్టింది.

"నేను కారు నడపను. సైకిలు మీదొస్తాను. నిన్న కొత్త సీటు వేయించాను, లీవు కూడా పెట్టాను."

ఆయన స్నేహితుల వంక చూసి కన్ను గీటాడు. "చూశారా మా ఇంటి వింత! ఆ డొక్కు సైకిలు మీదట. మా వేగం అందుకుంటావుటే?"

"మీ వెనక నడిపినన్నాళ్ళూ కారు రెండో గేరు దాటలేదు."

పొడుగబ్బాయి ఫక్కున నవ్వి, నోరు మూసుకున్నాడు. ఆయన మొహం మాడిపోయింది. "గాలంటే ఏంటో తెలుసా నీకు?"

"తెలుసు. పోయినేడు మీరు ముందుకెళ్ళాల్సిన ప్రతిసారీ చెయ్యెత్తి నీళ్ళడిగారు. కారు కిటికీ పట్టుకుని వచ్చారు. లాగింది నేను."

మాస్టారు నెమ్మదిగా పొడుగబ్బాయి వైపు తిరిగాడు. "ఒరేయ్, నీ తర్వాత ముందుకొచ్చింది ఎవరు?"

"మీరే మాస్టారూ" అన్నాడతను. మ్యాపు వంక చూస్తూ, "ఎప్పుడూ మీరే" అన్నాడు.

"లోపలికి నడు" అన్నాడాయన ఆమెతో, పళ్ళ బిగువున. "నలుగురిలో నా పరువు తీస్తావా?"

ఆమె కదల్లేదు. నీళ్ళ ట్యాంకు ఎత్తు రోజూ ఎక్కే కాళ్ళవి, నిలబడ్డాయి.

"మరి కారెవరు నడుపుతారే? నేనెలా రావాలి?" అని అత్తగారు గొంతు పెంచింది.

ఆమె గోడకున్న కారు తాళం తీసుకొచ్చి, మ్యాపు మీద ఆయన చేతి పక్కన పెట్టింది.

"మీరు ఎలాగూ తొక్కరు కదండీ. కారు మీరే నడపండి."