కొమ్మెక్కిన కృష్ణవేణి

నూజివీడు చుట్టుపక్కల చిన్నరసం, పెద్దరసం అని రెండు జాతుల మామిడి కాస్తుంది. మూడోది నీరసం. అది బాటనీ లెక్చరరు జగన్మోహనరావుగారి క్లాసులో ఏడాది పొడుగునా కాస్తుంది. అలాంటి మాస్టారు 1963లో, వానలు వెనకపట్టాక, బీయస్సీ పిల్లల్ని రైలెక్కించి మైసూరు రాష్ట్రంలోని ఆగుంబె అడవికి తీసుకొచ్చేసరికి కృష్ణవేణికి ఆయన మీద గౌరవం పుట్టింది. అడవిలో అడుగుపెట్టిన అరగంటకే అది చచ్చింది.

"ఎవరి మొక్క వాళ్ళు స్వయంగా సేకరించాలి," అన్నాడాయన, కాలికి పట్టిన జలగ మీద ఉప్పు చల్లుకుంటూ. "చెట్టు మీదవి మగపిల్లలు కొయ్యండి. ఆడపిల్లలు కింద నాచు ఏరుకోండి."

ఆడపిల్లలంటే ఇద్దరే. కృష్ణవేణి, ఆమె స్నేహితురాలు లేయా.

ఏరుకోవడమా! కృష్ణవేణికి ఒళ్ళు మండింది. ఆగిరిపల్లిలో తోటలు కౌలుకి పట్టే వీరయ్య కూతురామె. ప్రతి వేసవీ చూసేది అదే. చెట్టెక్కేది మగాళ్ళు, కింద గోనెపట్టా పట్టుకునేదీ, రాలింది ఏరేదీ ఆడవాళ్ళు. ఆడది ఎక్కితే చెట్టు గొడ్డుబోతుందట. పుట్టినప్పట్నుంచీ తలెత్తి చూసి చూసి, ఏ కాలు ఏ పంగలో పెట్టాలో ఆమెకు కంఠతా వచ్చింది గాని కాలికి మాత్రం రాలేదు. ఇంతదూరం వచ్చి కూడా వంగడమేనా?

ఎదురుగా ఓ మహావృక్షం. తొడలావు తీగలు దాన్ని నిచ్చెనలా పెనవేసుకున్నాయి. రెండు నిలువుల ఎత్తున, పంగలో, పసుప్పచ్చటి ఆర్కిడ్ పూలు.

"అది నాదండీ," అంది కృష్ణవేణి.

"బసవపున్నారావు కోసిస్తాడులే."

"అప్పుడది బసవపున్నారావుదవుతుంది. స్వయంగా అని తమరేగా అన్నారు?"

క్లాసులో ఫస్టొచ్చే బసవపున్నారావు పళ్ళికిలించాడు. "అడవికి దీర్ఘం తీస్తే ఆడవి అవుద్దనుకుంటోందండీ, పాపం!"

"నువ్వు దీర్ఘాలు తీస్తా ఉండు," అని ఆమె ఓణీ బిగించి, లంగా ఎగ్గట్టి తీగ మీద కాలు వేసింది.

"ఏయ్, దిగు! ఆడపిల్ల ఎక్కితే చెట్టు..."

"గొడ్డుబోతుందాండీ? ఏ చాప్టర్లో ఉంది మాస్టారూ?"

ఆమె అప్పటికే రెండో తీగ అందుకుంది.

చెట్టు తడిసి నున్నగా ఉంది. కాలు జారి మోకాలు గీరుకుపోయింది. మెడ మీద జలగ పాకుతున్నా తీసేందుకు చెయ్యి ఖాళీ లేదు. కిందికి చూస్తే దిగిపోవాలనిపిస్తుందని పైకే చూసింది. చివరికి పంగలో కూర్చుంది. తెలుగులో కొమ్మంటే ఆడది కూడా. ఆ పూట కొమ్మ మీద కొమ్మ, రెండూ వణుకుతూ.

"పువ్వు కింద పడెయ్! పట్టుకుంటాం!" మాస్టారు తన తువ్వాలు చాచి పట్టుకున్నాడు.

"పడెయ్యనండీ. నేనే తెస్తాను."

"మీ నాన్నకి ఉత్తరం రాస్తా!"

"రాయండి. ఇంటికెళ్ళాక మా పెద్దరసం చెట్టు కూడా ఎక్కుతానని అందులోనే కలిపి రాయండి. రెండో ఉత్తరం ఎందుకండీ దండగ!"

తువ్వాలు పట్టుకున్న చేతులు కిందికి జారాయి. ఆమె ఒక గుత్తి కోసి తన సంచిలో వేసుకుంది. పక్కన ఇంకో గుత్తి ఉంది. దాని మీద చెయ్యి వెయ్యలేదు.

"లేయా! నీక్కూడా ఉందే ఇక్కడ. నేను కొయ్యను. నువ్వే రా."

"లేయా, కదిలావో..." అన్నాడు మాస్టారు.

లేయా ఆయన వైపు చూడనేలేదు. చెప్పులు విప్పి, మొదటి తీగ పట్టుకుంది.

"అది కాదే, జారుద్ది! పైది పట్టుకో!" అడవంతా వినబడేలా కేకేసింది కృష్ణవేణి. "ఎడమకాలు ముందు పెట్టు!"