వాసెన గుడ్డ

మైమూనా చూపుడువేలు జాడీలో ముంచి నాలుక మీద పెట్టుకుంది. రెండో జాడీలోనూ అలాగే చూసి తల ఊపింది. ఎదురుగా గొంతుక్కూర్చున్న గురుస్వామి అప్పటికిగాని ఊపిరి వదల్లేదు.

"సరిపాయనా మైమూనక్కా?"

"ఉప్పుకేం తక్కువ లేదు. నీ మొగమే చప్పగుండాది. నిద్దర లేదా?"

"యాడిది? నంద్యాల టేసన్లో రాత్రంతా జాడీలు కరుసుకోని కూర్చుంటి. మా ఇంటిది బిడ్డనుగూడా అంత గట్టిగా పట్టుకోదు."

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆళ్ళగడ్డలో వేరుశనగ నూనె మిల్లున్న పుల్లయ్య మద్రాసు వెళ్ళి, అద్దాల పెట్టెలో సముద్రపు చేపలను చూసొచ్చాడు. చూసినవాడు చూసినట్టు ఊరుకున్నాడా, తన ఇంటి నడవాలోనూ ఒకటి పెట్టించాడు. పెట్టి నెల తిరగలేదు. పసుపు ఒంటి మీద నల్ల చారలున్న చేపలు, అరచేయంత. ఊళ్ళో జనం గడప బయట చెప్పులు విడిచి, గుళ్ళోకి వచ్చినట్టు వచ్చి చూసి పోయేవాళ్ళు.

ఆ చేపలకు బావి నీళ్ళు పనికిరావు. బందరు నుంచి రైల్లో సముద్రపు నీళ్ళు రావాలి. నంద్యాలలో దించుకుని, రెండు ఊరగాయ జాడీలనూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, బస్సులో గురుస్వామి తెచ్చేవాడు. ఒలకకుండా వాటి మూతికి వాసెన కట్టేవాడు. ఆ గుడ్డ తన పాత ఎర్రంచు పంచె చించినదే.

ఇక నీళ్ళు మార్చడం మైమూనా పని. పెట్టెలో నీళ్ళన్నీ తీసేయకూడదు. రెండు జాడీల పాతనీళ్ళు ఇత్తడి చెంబుతో తోడి, రెండు జాడీల కొత్తనీళ్ళు అద్దం అంచు వెంబడి, చేప బెదరకుండా సన్నగా వదలాలి. ఆమెకది కష్టమేం కాదు. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ ఆ ఇంటికి నీళ్ళు మోసిన మనిషి. చుట్టకుదురు ఆనేచోట నడినెత్తిన జుట్టు రాలిపోయింది, ఎడమ భుజం కిందికి ఒరిగిపోయింది. బిందె తగిలి పగులుతాయని కుడిచేతికి గాజులు వేసుకోవడమే మానేసింది.

తోడిన పాతనీళ్ళు ఖాళీ అయిన జాడీలో పోసుకుని, వాసెన కట్టకుండానే ఇంటికి మోసుకుపోయేది. మొగుడు జిలాని ఒకప్పుడు దూది ఏకేవాడు. ఊరూరా అతని విల్లు మోగని పెళ్ళి లేదు, అతను ఏకిన పరుపు లేని పెళ్ళికొడుకు లేడు. ఇప్పుడు కాళ్ళు రెండూ ఉబ్బి అరుగు దిగలేడు. సముద్రపు నీళ్ళలో కాళ్ళు పెడితే వాపు లాగుతుందని హకీము చెబితే, మైమూనా సిగ్గు చంపుకుని పుల్లయ్య భార్య రామేశ్వరమ్మను అడిగింది.

"తీస్కపో. చేపలు ఉచ్చబోసిన నీళ్ళు మాకెందుకు?" అందామె, చూడవచ్చిన నలుగురి ముందరా.

ఆ మాట ఆమెకంటే ముందే ఇల్లు చేరింది. జిలాని మామూలు మనిషి కాడు, మాటల మనిషి. వయసులో బందరు పోయి సముద్రం చూసొచ్చానని వీధంతటికీ కథలు చెప్పినవాడు. అలాంటివాడి అరుగు ముందర ఆ వీధివాళ్ళే నిలబడి, "చేపల ఉచ్చలో కాళ్ళు పెట్టుకున్యాడే" అని ఎగతాళి చేశారు. ఈ పొద్దున మైమూనా పనికి బయలుదేరుతుంటే అతను గోడవైపు తిరిగి అన్నాడు.

"ఒక్కతూరి కొత్తనీళ్ళు దొరకవా మే?"

అంతే అన్నాడు. ఆమె దారంతా ఆ మాటనే మోసుకొచ్చింది.

గురుస్వామి వెళ్ళాక నడవాలో ఎవరూ లేరు. రెండు జాడీల పాతనీళ్ళు తోడేసింది. ఒక జాడీ కొత్తనీళ్ళు పోసింది. రెండోదానికి వాసెన తిరిగి కట్టేసి, బిందెతో బావి నీళ్ళు తెచ్చి, అందులో దోసిళ్ళతో కల్లుప్పు వేసి కలిపింది. నాలుక మీద చూసుకుంది. అదే ఉప్పు. నాలుక సరేనంది గదా అని పెట్టెలో పోసింది.

నెత్తిన జాడీతో పోతున్న ఆమెను ఎవరూ ఆపలేదు. ఎప్పుడూ మోసే పాతనీళ్ళే అనుకున్నారు.

జిలాని కాళ్ళు బేసిన్‌లో పెట్టి, దోసెడు తీసుకుని వాసన చూశాడు. నాలుకకు తగిలించాడు.

"ఇదేనే. ఆ పొద్దు బందర్లో నేను సూసింది ఇదే."

అతను నంద్యాల దాటి ఎరగడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని అతనికీ తెలుసు.

"నువ్వు సూడని సముద్రం యాడుందిలే" అంది. అతను నవ్వాడు. సగం నీళ్ళు రేపటికి ఉంచమన్నాడు. ఆమె వాసెన మళ్ళీ బిగించి జాడీని తలుపు మూల పెట్టింది.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి నడవాలో జనం. చేపలు పక్కకు ఒరిగి నీటి మీద తేలుతున్నాయి. పసుపు అప్పుడే వెలిసిపోయింది. మిల్లు గుమాస్తా శేషయ్య గురుస్వామిని నిలదీస్తున్నాడు.

"దావలో ఒలకబోసుకోని, శిరివెళ్ళ బాయిలో నింపుకొచ్చినావు. నిజం చెప్పప్పా."

"బిడ్డల మింద ఒట్టు. శిరివెళ్ళలో నేను బస్సే దిగల్యా. మైమూనక్క రుచి సూసింది, అడగండి." అతను ధైర్యంగా ఆమె వైపు తిరిగాడు. "చెప్పక్కా."

అందరూ ఆమెను చూశారు. నోట్లో రెండు ఉప్పులూ ఇంకా ఉన్నట్టే ఉన్నాయి. చెబుదామని నోరు తెరిచింది. జాడీ ఇంట్లో ఉంది, వీళ్ళంతా అరుగు దగ్గరికి వస్తారు, బేసిన్‌లో కాళ్ళతో జిలాని కూర్చుని ఉంటాడు.

"నేను... సరింగా సూళ్ళేదమ్మా" అంది, రామేశ్వరమ్మ కాళ్ళవైపు చూస్తూ.

రేపటినుంచి రావద్దని పుల్లయ్య అంటుంటే, గురుస్వామి తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మెట్లు దిగాడు. చచ్చిన చేపలను చాటలో ఎత్తి పెంటలో వేసింది మైమూనాయే. అద్దం తుడిచిందీ ఆమే.

ఇంటికి పోతూ, మొగుడికి చెప్పేయాలనుకుంది. అతనే ఏదో ఒక మాట అంటాడు, మాటల మనిషి గదా. తెల్లారి ఇద్దరి తరఫునా తనే పోయి పుల్లయ్యకు చెప్పవచ్చు.

జిలాని గోడకు ఆనుకుని ఉన్నాడు. గడ్డం రొమ్మును తాకుతోంది. కాళ్ళు బేసిన్‌లోనే ఉన్నాయి.

"ఏమయ్యా" అంది. మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చాలాసేపు అక్కడే ఉంచింది.

ఆమె ఏడుపు విని ముందుగా వచ్చింది వెనక వీధిలో ఉండే గురుస్వామే. జిలాని తరఫు మగవాళ్ళు వచ్చి శవానికి స్నానం చేయించాలి, దానికి నీళ్ళు కావాలి. ఎవరూ చెప్పకుండానే అతను పాత్ర కోసం చుట్టూ చూసి, తలుపు మూలనున్న జాడీ మీద చెయ్యి వేశాడు. చెయ్యి తన ఎర్రంచు గుడ్డ ముడి దగ్గర ఆగిపోయింది. జాడీని కొంచెం కదిపి చూశాడు. లోపల నీళ్ళు కదిలాయి.

తిట్టు గురుసామీ, అనుకుంది మైమూనా. నలుగురూ రాకముందే తిట్టు.

అతను జాడీని ఉన్నచోటే ఆనించాడు.

"బిందె యాడ పెట్టినావక్కా?" అన్నాడు.

ఆమె చూపించింది. అతను బిందె తీసుకుని బావికి పోయాడు. తలుపు మూలన జాడీ మూతికి ఎర్రంచు గుడ్డ అలాగే ఉంది. తడి ఆరి, అంచు పొడుగునా తెల్లగా ఉప్పు పూసింది.