పూత ఆరని పళ్ళు

ఆ ఇంట్లో పిల్లను అందరూ తొందర అనే పిలుస్తారు. రెండు నెలలు ముందే పుట్టింది మరి. లోకంలోకి రావడానికి అంత తొందరపడ్డ మనిషి పళ్ళ దగ్గరికొచ్చేసరికి తాపీగా కూర్చుంది. తన ఈడు పిల్లలు బిస్కెట్లు కరకరలాడిస్తుంటే ఇది చప్పరిస్తూ ఉండేది. "ఇంత పచ్చిగా పన్ను ఎగ్గొట్టేవాళ్ళని నేనెక్కడా చూడలేదు" అనేవాడు వాళ్ళ నాన్న. చివరికి పళ్ళు వచ్చాయి గానీ తెల్లగా రాలేదు. పై వరసలో గోధుమరంగు మచ్చలు, అంచుల్లో చిన్న చిన్న గంట్లు.

తొందరకు అవేమీ పట్టలేదు. ఇంటికి ఎవరొచ్చినా ముందు దాని నవ్వు ఎదురెళ్ళేది, దాని వెనక అది వెళ్ళేది.

ఇప్పుడు ఆ నవ్వుకు తాళం పడింది. తాళం వేసింది నాన్నే.

ఆయనకు బజారులో ఫొటో స్టూడియో ఉంది. ఎవరి మొహాన్నయినా కంప్యూటర్లో ఉతికి, పిండి, ఇస్త్రీ చేసి ఇస్తాడు. ఆయన తీసిన ఫొటో పట్టుకుని ఉద్యోగానికి వెళితే, వచ్చినవాడు వీడేనా అని గుమస్తాలు రెండుసార్లు చూస్తారు. ఐదో పుట్టినరోజుకు కూతురిని తీశాడు. నోరారా నవ్వుతున్న ఫొటో. అలవాటైన చెయ్యి కదా, ఊరుకోలేదు. మచ్చలమీద తెలుపు పూసింది, గంట్లు పూడ్చింది. దాన్ని నిలువెత్తున వేయించి, కొట్టు అద్దంలో పెట్టి, పిల్లను భుజాన ఎత్తుకుని చూపించాడు.

పిల్ల చాలాసేపు చూసింది.

"ఈ పాప ఎవరు నాన్నా?"

"నువ్వేనే బంగారం."

"మరి నా పళ్ళేవి?"

"అవేగా. కాస్త కడిగానంతే."

తొందర పెదాలు రెండూ దగ్గరికి చేర్చింది. ఆ చేర్చడం చేర్చడమే. అన్నం గోడవైపు తిరిగి తింటుంది. నవ్వొస్తే ముక్కుతో నవ్వుతుంది. బడిలో పంతులమ్మ ఏమడిగినా తలతోనే జవాబు. పళ్ళు తోముకునేటప్పుడు తలుపు గడియ. ఇంతలో కుడిబుగ్గ ఉబ్బింది. నొప్పిని పంటి బిగువున ఓర్చుకుంటోంది, ఆ నొప్పీ పంటిదే.

"మీరే మూశారు, మీరే తెరిపించండి" అంది వాళ్ళమ్మ.

పళ్ళ డాక్టరమ్మ కుర్చీని పైకి లేపింది, కిందికి దించింది, చిన్న అద్దం పిల్ల చేతికిచ్చింది. "ఆ అను తల్లీ" అంది. "ఊఁ" అంది తొందర, ముక్కుతో.

వాళ్ళమ్మ ఉండబట్టలేక అడిగింది. "కడుపుతో ఉన్నప్పుడు నేను సరిగా తినలేదని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. పళ్ళమీద ఈ మచ్చలు దానివల్లేనా డాక్టరుగారూ?"

"కాదమ్మా. పంటిమీద పింగాణీ లాంటి పూత ఉంటుంది. పాలపళ్ళకి అది కడుపులోనే మొదలవుతుంది. పని సగంలో ఉండగానే మీ అమ్మాయి బయటికొచ్చేసింది. పుట్టగానే నోట్లో గొట్టం పెట్టారన్నారు, అది కూడా చిగుళ్ళని ఒత్తి ఉండొచ్చు. మీరు తిన్నదాంతో ముడిపెట్టకండి."

"అంటే పూత ఆరకముందే పళ్ళొచ్చాయన్నమాట, చెట్టుకైనా పూత నిలవాలి కదండీ" అన్నాడు నాన్న. ఎవరూ నవ్వలేదు. ఆయనకూ నవ్వు రాలేదు. భయమేస్తే నోరు తనంతట తనే పనిచేస్తుంది, అంతే.

డాక్టరమ్మ మందు రాసింది. "పూత పల్చన కాబట్టి తొందరగా పుచ్చుతాయి. వాపుని బట్టి దవడపన్నే అయి ఉంటుంది, దాన్ని బాగుచేసి తొడుగేస్తే చాలు. వాపు తగ్గాక తీసుకురండి. అప్పటికీ నోరు తెరవకపోతే మత్తిచ్చి చెయ్యాలి."

"మత్తిస్తే మళ్ళీ గొట్టం పెడతారా?"

"పెట్టాల్సి రావచ్చు."

పుట్టిన కొత్తలో అద్దాలపెట్టెలో, నోట్లో గొట్టంతో, అరచేతిలో పట్టేంత పిల్ల. అద్దానికి ఇవతల కెమెరా ఉండీ ఎత్తలేకపోయిన తండ్రి. ఆ గొట్టం మళ్ళీ చూడటం ఆయన వల్ల కాదు.

కొట్టుకొచ్చాడు. కూర్చున్నాడు, లేచాడు. షట్టరు సగం దించాడు, మళ్ళీ ఎత్తాడు. అద్దంలోంచి ఆ ఫొటో పీకేశాడు. అసలుది వేయించి పెడదామని కంప్యూటర్లో వెతికాడు. లేదు. దిద్దినదాన్ని అసలుదాని మీదే సేవ్ చేశాడు. బజారందరి అసలు మొహాలూ ఆయన దగ్గర భద్రంగా ఉన్నాయి, కూతురి అసలు నవ్వు తప్ప.

ఇంట్లో ఉందేమోనని పరుగెత్తాడు. బీరువాలు బోర్లించాడు. పెళ్ళి ఆల్బం చేతికొచ్చింది. ఒక పేజీ, ఇంకో పేజీ. పెళ్ళాం నవ్వుతోంది. పక్కన తను పెదాలు బిగించి నిలబడ్డాడు. అన్నిట్లోనూ అంతే. ఆయనకు పైవరసలో ఒక పన్ను ఇంకోదాని మీదికి ఎక్కి ఉంటుంది. ఆ సంగతి దాచడం ఎంత అలవాటంటే, దాస్తున్నట్టే మరిచిపోయాడు.

"ఇప్పుడు చూశారా?" అంది భార్య వెనకనుంచి. "ఆ రోజంతా నేను మూగవాణ్ణి కట్టుకున్నాననుకున్నా."

మర్నాడు పిల్లను స్టూడియోకి తీసుకెళ్ళాడు. కెమెరా స్టాండు దాని ఎత్తుకు దించి, తను స్టూలుమీద కూర్చున్నాడు.

"నన్ను తియ్యి."

తొందర తెరలోకి చూసింది. ఆయన పెదాలతో నవ్వాడు. అది తల అడ్డంగా ఊపింది. మళ్ళీ నవ్వాడు. మళ్ళీ ఊపింది. ఇక తప్పక, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"పళ్ళు కనపడట్లేదు."

కాస్త తెరిచాడు.

"ఇంకా."

ఇంకాస్త తెరిచాడు. చెవులదాకా వెళ్ళాడు.

క్లిక్కుమంది.

కంప్యూటర్లో పెద్దది చేస్తే తెరనిండా ఆయన నోరే. టీ మరకలు, గారపట్టిన సందులు, మీదికెక్కిన పన్ను. మౌసుమీదికి ఆయన చెయ్యి తనంతట తనే పాకింది.

"కడుగుతావా?" అంది తొందర.

"నువ్వెలా చెబితే అలా."

పిల్ల ఆలోచించింది. "వద్దు. కడిగితే ఇంకెవరి నాన్నో అయిపోతావు." తెరమీద ఆ పంటిని వేలితో పొడిచింది. "నాన్నా, దీనిమీద ఇది సవారీ చేస్తోంది."

"నాకు పన్ను మీద పన్ను వేశాడే దేవుడు."

దానికి ఆ మాట అర్థం కాలేదు. సవారీయే నచ్చింది. ముక్కుతో మొదలైన నవ్వు ముక్కులో పట్టక నోట్లోకి దిగింది. కెమెరా చేతికందేంత దూరంలోనే ఉంది. ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

వాపు తగ్గాక మళ్ళీ ఆస్పత్రి. మళ్ళీ కుర్చీ. "ఆ అను తల్లీ" అనగానే పెదాలు మళ్ళీ బిగుసుకున్నాయి. వాళ్ళమ్మ గుమ్మం పట్టుకుంది.

తొందర వేలు చూపించింది. "ముందు నాన్న."

ఆయన కుర్చీ ఎక్కి, పిల్లను ఒళ్ళో పెట్టుకుని నోరు తెరిచాడు. డాక్టరమ్మ దీపం వంచింది. "మీకు వెనకాల రెండు పుచ్చాయండీ."

తొందర మెడ తిప్పి లోపలికి తొంగిచూసింది. రెండేనా అన్నట్టు డాక్టరమ్మ వైపు తిరిగింది.

"నావి చూడండి, నాకింకా ఎక్కువున్నాయి" అని నోరు బార్లా తెరిచింది.

డాక్టరమ్మ అద్దం లోపలికి పెట్టింది. ఒళ్ళో పిల్ల కదలకుండా ఉంది. నాన్న మాత్రం తన నోరు మూసుకోవడం మర్చిపోయాడు.