ఇంకా కుట్టని రెక్క

ఆదివారం పొద్దున షెడ్డు తాళం తీయగానే ముందు చూసుకోవాల్సింది, విమానం ఈ వారం ఏ సంవత్సరంలో ఉందన్నది. అది తేలాకే టీ.

ఆ చూడటం లిఫ్టు మెకానిక్ పని, తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది కాబట్టి. వారమంతా ఆఫీసుల్లో మొరాయించిన లిఫ్టులకి సేవ చేసి, ఆదివారం తెల్లారేసరికి పాత రన్‌వే చివరున్న ఆ రేకుల షెడ్డుకి సైకిలు తొక్కుకుంటూ వచ్చేస్తాడు. రంగు చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. పసుపుగా ఉంటే ఉత్తరాలు మోసిన రోజులు. వెనకాల రెండో సీటు ఉంటే కుర్రాళ్ళకి ఎగరడం నేర్పిన రోజులు. లోపల అడుగుపెట్టగానే ముక్కు మండిపోతే, పొలాల మీద పురుగుమందు చల్లిన కాలం. ఎవరో రైతు కొట్టంలో పడున్న సంవత్సరాలూ వచ్చిపోతుంటాయి. అప్పుడు సీట్లో కోడి పొదుగుతూ ఉంటుంది. దాన్ని కదిలించకుండా పని చూసుకోవాలి.

ఎప్పుడో ఒక ఆదివారం ఇప్పటి సంవత్సరంలోనే ఉంటుంది, పైనొక జతా కిందొక జతా, గుడ్డ ఊడిపోయి కట్టెలు తేలిన రెక్కలతో. మరమ్మతు అంటూ చేస్తే అప్పుడే చెయ్యాలి. మిగతా వారాలన్నీ వాదనకి.

వాదించడానికి ఇంకో ఇద్దరున్నారు. ఒకరు పళ్ళ డాక్టరు. ఇంకొకాయన్ని అందరూ కెప్టెన్ అంటారు గానీ, ఆయన బస్సు నడిపి రిటైరయిన మనిషి. విమానం ఎక్కిన పాపాన పోలేదు. డాక్టరు ఓటు పసుపు రంగు రోజులకే. ముక్కు చుట్టూ పూరేకుల్లా సిలిండర్లు అమరిన అప్పటి ఇంజనే అసలుదని, తర్వాత పెట్టిందంతా కట్టుడు పన్నులాంటిదని ఆయన పట్టు. కెప్టెన్‌కి ఏ ఇంజనైనా ఒకటే, తిరిగితే చాలు. కదలకుండా ఉంచితే నూనె కింది సిలిండర్లలోకి దిగి గడ్డకడుతుందని, రాగానే ప్రొపెల్లరు పట్టుకుని చేత్తో నాలుగు చుట్లు తిప్పేవాడు. ఈ మధ్య మ్యూజియం వాళ్ళు కబురు పెట్టారు. విమానం తమకిస్తే నూనె మొత్తం తీసేసి, అద్దాల హాల్లో దుమ్ము పడకుండా చూసుకుంటామన్నారు. డాక్టరు ఇచ్చేద్దామంటాడు. బతికున్నదాన్ని అద్దాల్లో పెట్టడమేంటని కెప్టెన్. మెకానిక్ గోడమీద పిల్లిలా ఉండిపోయాడు. డాక్టరు మాట్లాడుతున్నంతసేపూ డాక్టరే రైటనిపించేది, కెప్టెన్ నోరు విప్పితే కెప్టెనే.

ఇంట్లోనూ అతని పరిస్థితి అంతకంటే గొప్పగా లేదు. భార్య కర్టెన్లు, సోఫా కవర్లు కుడుతుంది. వేరే ఊళ్ళో వాళ్ళక్క కొట్టు పెట్టి, నువ్వొచ్చి చూసుకో అని పిలిచింది. వచ్చే నెల నుంచి అక్కడే ఉంటానని భోజనాల దగ్గర ఆమె చెప్పినప్పుడు, అతను తలూపి, మంచినీళ్ళు తాగి, అడుగు సిలిండరు గురించి ఏదో అన్నాడు. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు. అసలు వస్తావా అని కూడా అడగలేదు. అడగాల్సిన మాటేనా, అడిగితే ఏమనుకుంటుంది, అడక్కపోతే ఏమనుకుంటుంది, అతనికి ఏదీ అంతుపట్టలేదు. ఆమె ఇంకాసేపు కూర్చుని, కంచాలు తీసి, మర్నాటి నుంచి సర్దుకోవడం మొదలుపెట్టింది.

ఆ వారమే ఇది జరిగింది. మెకానిక్ తాళం తీసేసరికి విమానం అతనెప్పుడూ చూడని నీలం రంగులో ఉంది. రెక్కలకి కొత్త గుడ్డ. వాటి ముందంచున గాల్లో కొట్టుకుని అతుక్కుపోయిన పురుగులు. చక్రాలకి పచ్చిగడ్డి. ఇంజను మీద చెయ్యి పెడితే ఇంకా గోరువెచ్చగా తగిలింది.

మనకి తెలియని పాత సంవత్సరమేదో అయ్యుంటుందన్నాడు డాక్టరు. కెప్టెన్ వంగి ఎడమ చక్రం చూసి, అక్కడే కూర్చుని టైరుని వేలితో తడిమాడు.

"ఈ టైరు నేను ఆర్డరు పెట్టింది" అన్నాడు. "ఇంకా రాలేదు. అప్పుడే సగం అరిగిపోయింది."

రాబోయే సంవత్సరం ఇంతవరకు ఎన్నడూ రాలేదు. ఎగిరొచ్చింది కాబట్టి మ్యూజియంకి పోలేదన్నమాటేనని కెప్టెన్ సంబరపడబోయాడు. పోయి వెనక్కొచ్చి ఉండొచ్చు కదా అన్నాడు డాక్టరు. ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు.

మెకానిక్ చెవికి అవేవీ ఎక్కలేదు. అతను రెక్క మీది కుట్టు చూస్తున్నాడు. లోపలి కట్టెలకి గుడ్డని పట్టి ఉంచే ఆ కుట్లు, పైన రంగు పూసినా ఉబ్బెత్తుగా తెలుస్తున్నాయి. అన్నీ ఎడమవైపుకి వాలి ఉన్నాయి. ముడి పడ్డ చోటల్లా దారం ఒకసారి వెనక్కి మళ్ళి, మళ్ళీ ముందుకొచ్చింది. ఇంట్లో ఏ కిటికీ దగ్గర నిలబడినా ఆ కుట్టే కనిపిస్తుంది. అతని భార్యది ఎడమచేతి వాటం. ఆమె ఈ షెడ్డు గుమ్మం తొక్కింది లేదు.

సైకిలు ఎలా తొక్కాడో ఇంటికొచ్చి పడ్డాడు. ఆమె కుట్టుమిషను చుట్టూ పాత దుప్పట్లు చుట్టి పెట్టెలోకి దింపుతోంది.

"నువ్వు రెక్క కుట్టావు" అన్నాడు.

"ఏ రెక్క?"

"ఇంకా కుట్టని రెక్క."

విమానం సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే కాబట్టి ఆమె అందులో అనుమానపడలేదు. అనుమానమంతా మొగుడి మీదే. "నన్ను ఆపాలనుంటే ఆపండి" అంది మెల్లిగా. "విమానాన్ని అడ్డం పెట్టుకోకండి."

ఆపాలనుందో లేదో అతనికే తెలియదు. వచ్చే వారానికి అది ఉండదని, ఒక్కసారి వచ్చి చూడమని మాత్రం బతిమాలాడు. ఆమె పెట్టె మూత సగంలో వదిలేసి చెప్పులేసుకుంది.

ఆమె లోపలికి రాగానే మిగతా ఇద్దరూ మాటలాపి పక్కకి జరిగారు. ఆమె రెక్క పొడవునా అరచెయ్యి రాసుకుంటూ నడిచింది. "కుట్టు నాదే" అంది. "కానీ నేను కుట్టలేదు." అలా ఇంకొంచెం నడిచి, కింది రెక్క చివరికి వచ్చేసరికి ఆగిపోయింది. అక్కణ్ణుంచి కుట్లు కుడివైపుకి వాలాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, కోడి కెలికినట్టున్నాయి.

"ఇక్కణ్ణుంచి నేను కాదు."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. చేతిలో పని సగంలో వదిలే మనిషి కాదు ఆమె. మరి ఎందుకు వదిలేసింది? వెళ్ళిపోయిందా? మెకానిక్‌కి ఇంకో ఆలోచన కూడా రాబోయింది గానీ, దాన్ని లోపలికి రానివ్వకుండా తలుపేసుకున్నాడు. ఆమెకీ అదే తోచిందేమో, రెక్క మీంచి చెయ్యి తీసేసింది. కాసేపటికి మళ్ళీ పెట్టింది. తర్వాత రెక్క కిందకి దూరి, తల పైకెత్తి, ఆ వంకర కుట్లని ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. పక్కన నిలబడ్డ అతనికి ఆమె చెప్పులు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ముడులు నావే" అని కిందనుంచి వినిపించింది. "కుట్టు వేరేవాళ్ళది. ముడేసింది నేను. పక్కనే ఉన్నాను."

ఆ కుట్టు ఎవరిదని కెప్టెన్ అడిగాడు. బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకుంటూ, సూది పట్టడం చేతకానివాళ్ళెవరిదో అంది. అంటూ మొగుడి చేతుల వైపు చూసింది.

ఇంటికెళ్ళాక ఆమె మిషను పెట్టెలోంచి తీయలేదు. అలాగని మూతా వెయ్యలేదు. కాస్త ఆలస్యమవుతుందని అక్కకి ఫోన్‌లో చెప్పింది. ఎందుకని అడిగితే, నాకే అర్థం కావట్లేదు అక్కా అంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం సాయంత్రం అక్కే ఫోన్ చేసి, ఇవాళ ఏ సంవత్సరమే అని అడిగేది. ఒక వారం పసుపు. ఒక వారం పురుగుమందు. ఒక వారం కోడి. ఆమె కూడా మొగుడితో పాటు షెడ్డుకి రావడం అలవాటు చేసుకుంది. ఇప్పటి సంవత్సరం రాలేదని చూసి ఒక్కోసారి ఊపిరి పీల్చుకునేది, ఒక్కోసారి చిరాకుపడేది. రెండింటికీ కారణం అడిగితే చెప్పేది కాదు. ఈలోగా కెప్టెన్ టైరు వచ్చింది. మ్యూజియం వాళ్ళు మళ్ళీ కబురు పెడితే, చూద్దాంలెండి అని డాక్టరే వాయిదా వేశాడు.

చివరికి ఒక ఆదివారం తలుపు తీసేసరికి, ఎముకల గూడులా ఉన్న రెక్కలతో, ఇప్పటి సంవత్సరం వచ్చి ఉంది.

నలుగురూ కలిసి కింది రెక్క ఊడదీసి, బల్లలకి ఆనించి నిలువుగా నిలబెట్టారు. రెండు వైపులా గుడ్డ కప్పాక ఆమె జానెడు పొడవున్న సూదికి దారం ఎక్కించింది. అటూ ఇటూ తానే తిరుగుతూ చాలా మేర కుట్టుకొచ్చి, రెక్క చివరికి వచ్చేసరికి ఇక ఒక్కదాని వల్ల కాదంది. ఇటునుంచి గుచ్చిన సూదిని అటువైపున్నవాళ్ళు అందుకుని, కట్టెకి అవతలి పక్కనుంచి మళ్ళీ ఇటు పంపాలి. డాక్టరూ కెప్టెనూ ఇంజను దగ్గర తగువులో మునిగి ఉన్నారు. మెకానిక్ వెళ్ళి గుడ్డకి అవతల నిలబడ్డాడు.

ముందే చూశాం కాబట్టి కుడుతున్నామా, కుట్టబోతున్నాం కాబట్టి కనిపించిందా అని ఆలోచించబోతే అతనికి తల తిరిగింది. ఈలోపు సూది మొన బయటికొచ్చింది. లాగాడు. గుచ్చాడు. తప్పు చోట గుచ్చారని, ఇంకాస్త కిందకని గుడ్డ వెనకనుంచి కేక వచ్చింది. అలా చాలాసేపు సాగింది. ఆమె కనిపించదు, ఆమె నీడ కూడా సరిగ్గా కనిపించదు. సూది వస్తుంది, పోతుంది.

"అక్క దగ్గరికి వెళ్తానన్నప్పుడు ఏమీ అనలేదేం?" అంది అటునుంచి.

"ఏమనాలో తెలియలేదు."

"ఇప్పుడు తెలిసిందా?"

అతను సూది పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నీకెలా బాగుంటే అలా చెయ్యి అనడం మర్యాద. అది చాలాసార్లు అన్నాడు కూడా. ఎదురుగా ఆమె మొహం లేదు. తెల్లటి గుడ్డ ఉంది.

"వెళ్ళొద్దు" అన్నాడు.

"వినపడట్లేదు. గట్టిగా చెప్పండి."

గట్టిగానే చెప్పాడు. ఇంజను దగ్గర తగువు ఆగిపోయింది. మాకు వినపడిందమ్మా అన్నాడు కెప్టెన్ అక్కణ్ణుంచి.

అటువైపు ఆమె నవ్విందో, కళ్ళు తుడుచుకుందో, మెకానిక్‌కి తెలిసే దారి లేదు. సూది మాత్రం ఇవతలే, తన చేతిలోనే ఉండిపోయిందని ఆలస్యంగా గుర్తొచ్చింది. ఎక్కడ గుచ్చాలో తోచక గుడ్డ మీద వేళ్ళతో తడుముతుంటే, అవతలినుంచి ఒక వేలు గుడ్డని నొక్కి, ఇదిగో ఇక్కడ అని చూపించింది.